ల్యాప్‌టాప్ ఎక్కడ ఆగిపోతోంది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదంటూ వచ్చిన ఉత్తరాలు ఎక్కువైనందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయించాము. పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి డెస్క్‌టాప్ కనిపించే దాకా యంత్రం ఒక వరుసలో పనిచేస్తుంది. మొదట కరెంటు అందాలి. తర్వాత మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్, అంటే యంత్రాన్ని మొదలుపెట్టే అంతర్గత ప్రోగ్రాము, మేల్కొని ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ సరిచూసుకోవాలి. ఆ పైన అది ఎస్‌ఎస్‌డీనో హార్డ్ డిస్క్‌నో వెతికి పట్టుకోవాలి. చివరికి అందులో ఉన్న విండోస్‌కు పగ్గాలు అప్పగించాలి. ఈ వరుసలో ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా మొదలుపెట్టిన మరమ్మతు చాలాసార్లు బాగున్న భాగాన్ని విప్పడంతోనూ, ఒక్కోసారి చేతిలో ఉన్న ఫైళ్లను పోగొట్టుకోవడంతోనూ ముగుస్తుంది. అందుకే కింది జవాబుల్లో ముందుగా ఆ చోటును గుర్తించడం మీదే దృష్టి పెట్టాను. ఫైళ్లకు ప్రమాదం ఉన్న చోట యంత్రం సంగతి తర్వాతికి వాయిదా వేశాను.

ప్రశ్న: కొన్ని నెలలుగా వాడకుండా పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఇప్పుడు అసలు ఆన్ కావడం లేదు. లైటు వెలగదు, ఫ్యాను తిరగదు. నా ఫోన్ ఛార్జర్ కూడా సీ టైప్‌దే కాబట్టి దానితో కూడా ప్రయత్నించాను. మదర్‌బోర్డు పోయి ఉంటుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మదర్‌బోర్డు పోయిందన్నది పరీక్షలన్నీ అయ్యాక చెప్పవలసిన మాట. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆ పరీక్షలు ఇంకా మొదలైనట్టు లేదు.

ముందు ఛార్జర్ సంగతి. సీ టైప్ ప్లగ్గు ఆకారం ఒక్కటే అయినా దాని గుండా వచ్చే విద్యుత్తు అన్నిచోట్లా ఒకటి కాదు. యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతిలో 5, 9, 15, 20 వోల్టుల మెట్లు ఉంటాయి. ఛార్జరూ ల్యాప్‌టాపూ ముందుగా కేబుల్ ద్వారా సంప్రదించుకుని, రెండింటికీ కుదిరిన మెట్టు మీదనే సరఫరా మొదలుపెడతాయి. ఫోన్లతో వచ్చే ఛార్జర్లలో చాలావాటికి 20 వోల్టుల మెట్టే ఉండదు. ల్యాప్‌టాప్‌లు మాత్రం సాధారణంగా 20 వోల్టుల వద్ద 45 వాట్లో 65 వాట్లో అడుగుతాయి. కనుక ఫోన్ ఛార్జర్‌తో ఆన్ కాకపోవడం ఏ లోపానికీ రుజువు కాదు. కేబుల్‌కూ ఇలాంటి పరిమితే ఉంది. సాధారణ సీ టైప్ కేబుల్ 3 ఆంపియర్లకు మించి మోయదు, అంటే 20 వోల్టుల వద్ద 60 వాట్లు. అంతకు మించి కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి.

మీ ల్యాప్‌టాప్‌కు గుండ్రని పిన్ను ఉన్న అడాప్టర్ కూడా ఉంటే దాని మీది లేబుల్ చదవండి. చాలావాటి మీద 19 లేదా 20 వోల్టుల ప్రాంతంలో ఒక అంకె ఉంటుంది. మల్టీమీటర్ ఉన్నవారి చేత పిన్ను దగ్గర కొలిపిస్తే ఆ అంకెకు దగ్గరగానే రావాలి. కొన్ని కంపెనీల అడాప్టర్లలో పిన్ను మధ్యన సూది లాంటి సన్నటి మొన ఒకటి ఉంటుంది. అడాప్టర్ తమదేనా కాదా అన్నది ల్యాప్‌టాప్ ఆ మొన ద్వారానే తెలుసుకుంటుంది. అది వంగినా విరిగినా కరెంటు అందుతున్నా బ్యాటరీ మాత్రం ఛార్జ్ కాదు. దాన్ని వెలుతురులో పెట్టి ఒకసారి పరిశీలనగా చూడండి.

నెలల తరబడి వాడని బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటుంది. అలాంటి లిథియం అయాన్ బ్యాటరీకి ఛార్జింగ్ సర్క్యూట్ మొదట్లో చాలా తక్కువ కరెంటును మాత్రమే పంపుతుంది; ఆ సమయంలో కొన్ని ల్యాప్‌టాప్‌లు లైటు కూడా వెలిగించవు. సరైన ఛార్జర్ పెట్టి కొన్ని గంటలు వదిలేసిన తర్వాతనే తీర్పు చెప్పాలి. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపించినా, బల్ల మీద పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ సమంగా కూర్చోకుండా ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు ఛార్జర్ పెట్టకూడదు, ఉబ్బిన చోట నొక్కకూడదు, బ్యాటరీ మార్పించే దాకా దాన్ని వాడకూడదు.

బ్యాటరీ ఉబ్బలేదని తేలితే చేయవలసిన పని ఇది. ఛార్జర్, పెన్ డ్రైవ్, మౌస్ అన్నీ తీసేయండి. బ్యాటరీ ఊడివచ్చే రకమైతే దాన్నీ తీయండి. పవర్ బటన్‌ను అర నిమిషం పాటు నొక్కి పట్టుకోండి. తర్వాత ఒక్క ఛార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేసి చూడండి. ఇది మంత్రంలా కనిపించినా దీనికి కారణం ఉంది. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడు కూడా ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఒకటి మెలకువగానే ఉంటుంది. బటన్ నొక్కారా, ఛార్జర్ వచ్చిందా, ఫ్యాను తిరగాలా అన్నవి చూసుకునేది అదే. అది ఎక్కడో చిక్కుకుపోతే మీరు ఎన్నిసార్లు బటన్ నొక్కినా వినిపించుకోదు. మిగిలి ఉన్న కరెంటంతా పోతే మొదటి నుంచి మొదలవుతుంది. బ్యాటరీ లోపలే ఉండే కొన్ని మోడళ్లలో ఈ పని కోసమే అడుగు భాగాన గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది.

ఇన్ని చేసినా లైటు వెలగకపోతే అప్పుడు ఛార్జింగ్ జాక్, ఆ పైన మదర్‌బోర్డు మీది విద్యుత్ భాగం అనుమానించాలి. అది సోల్డరింగ్ తెలిసిన మెకానిక్ పని. జాక్ విడిగా తీగతో ఉండే మోడల్ అయితే దాన్నొక్కదాన్నే మార్చవచ్చునని గుర్తుంచుకుని మాట్లాడండి.

ప్రశ్న: బటన్ నొక్కితే కీబోర్డు లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంటోంది. కిందటి వారం ర్యామ్ పెంచాము. తెర మార్చాలా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: తెర మార్చే మాట తొందరపాటు. మీ విషయంలో అనుమానం ర్యామ్ మీదకే ఎక్కువగా పోతోంది. అయినా రెండింటినీ వేరు చేయడానికి విప్పకుండానే చేయదగ్గ పరీక్షలున్నాయి కాబట్టి వాటితోనే మొదలుపెట్టండి.

ఆన్ చేసి కొన్ని నిమిషాలు ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతూ ఉంటే యంత్రం లోపల బాగానే నడుస్తోందనీ, చిక్కు చూపించడం దగ్గర ఉందనీ అనుకోవచ్చు. గదిలో దీపం ఆర్పి, టార్చి లైటును తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. మసకమసకగా అక్షరాలో బొమ్మో కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయిందన్నమాట. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపినప్పుడు అక్కడ బొమ్మ వస్తే లోపం తెరలోనో, మడత దగ్గర నలిగిన తెర కేబుల్‌లోనో ఉంటుంది. విండోస్ నడుస్తూ ఉండి తెర నల్లబడి ఉంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలను ఒకేసారి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. మరో చిన్న విషయం చాలామంది ఊహించరు. మూత మూసినట్టు ల్యాప్‌టాప్ అయస్కాంతం ద్వారా గ్రహిస్తుంది. అయస్కాంతం ఉన్న ఫోన్ కవరో చేతి గొలుసో కీబోర్డు అంచున ఆ సెన్సర్ ఉన్న చోటికి వస్తే మూత తెరిచి ఉన్నా మూసినట్టే భావించి తెర ఆర్పేస్తుంది.

క్యాప్స్ లాక్ స్పందించకపోతే, టీవీలోనూ ఏమీ రాకపోతే యంత్రం ఫర్మ్‌వేర్ దశలోనే ఆగింది. మీరు ర్యామ్ మార్చిన మాట ఇక్కడ ముఖ్యం. అడుగు మూత విప్పే ముందు ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. స్థిర విద్యుత్తు పోయేలా ముందుగా ఏదైనా లోహపు వస్తువును ముట్టుకోండి. ర్యామ్ కార్డును రెండు వైపులా పట్టి ఉంచే క్లిప్పులను బయటికి జరిపితే కార్డు తనంతట తానే ఏటవాలుగా పైకి లేస్తుంది. తీసిన కార్డును మళ్లీ అదే వాలులో, గాడి కలిసేలా చూసి, బంగారు రంగు పట్టీ దాదాపు కనిపించకుండా పోయేంత వరకు లోపలికి నెట్టాలి. ఆ తర్వాతే కిందికి నొక్కాలి, అప్పుడు క్లిప్పులు టక్కుమని పడతాయి. సగం దూరిన కార్డును కూడా క్లిప్పులు ఒక్కోసారి పట్టేస్తాయి. చూడ్డానికి సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, యంత్రం మాత్రం లేవదు. ర్యామ్ పెంచిన తర్వాత వచ్చే నల్ల తెరల్లో చాలావాటికి ఇదే కారణం.

కొత్త కార్డు తీసి పాతదానితో, తర్వాత పాతది తీసి కొత్తదానితో, ఒక్కో స్లాటులో విడివిడిగా పెట్టి చూస్తే కార్డు చెడ్డదా స్లాటు చెడ్డదా అన్నది తేలిపోతుంది. పట్టీ మీద మరకలుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి. రబ్బరుతో రుద్దే అలవాటు కొందరికి ఉంది; పని జరిగినా రబ్బరు పొడి స్లాటులో పడితే కొత్త తలనొప్పి మొదలవుతుంది కనుక నేను దాన్ని సమర్థించను.

కొత్త కార్డు డీడీఆర్ 5 రకానిది అయితే కాస్త ఓపిక పట్టండి. ర్యామ్ మార్చిన తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఫర్మ్‌వేర్ ఆ ర్యామ్‌తో సంకేతాల వేళలు సరిపోల్చుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. ఈ పనికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆ నిమిషాల్లో తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

పవర్ లైటో క్యాప్స్ లాక్ లైటో ఒక లయలో మినుకుమినుకుమంటూ ఉంటే అది ఫర్మ్‌వేర్ ఇస్తున్న సంకేతం. ఎన్నిసార్లు వెలిగింది, ఏ రంగులో వెలిగింది, ఎంత విరామం ఇచ్చింది అన్నవి కళ్లతో లెక్కపెట్టడం కష్టం కాబట్టి ఫోన్‌తో వీడియో తీసి నిదానంగా చూడండి. ఆ లెక్కకు అర్థం ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి, మరో కంపెనీ పట్టిక పనికిరాదు.

ప్రశ్న: బిగుసుకుపోయినప్పుడల్లా పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపేస్తున్నాను. దీనివల్ల ల్యాప్‌టాప్ పాడవుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: యంత్ర భాగాలకు హాని ఉండదు, ఆ క్షణంలో డిస్క్ మీద రాస్తున్న ఫైలు మాత్రం దెబ్బతినవచ్చు. వేరే దారి లేనప్పుడు చేయండి, బయోస్ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌కే మరో పేరు) అప్‌డేట్ నడుస్తున్నప్పుడు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. తరచుగా బిగుసుకుపోతోందంటున్నారు కాబట్టి ఇంకొక మాట. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆపడం కాదు. విండోస్ మూల భాగమైన కెర్నెల్‌నూ, పరికరాలను నడిపే డ్రైవర్లనూ ఉన్నవి ఉన్నట్టే డిస్క్‌లో దాచి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. చిక్కులో పడిన డ్రైవర్ ఆ చిక్కుతోనే తిరిగి లేస్తుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

ప్రశ్న: నిన్నటి దాకా బాగా పనిచేసిన ల్యాప్‌టాప్ ఈ రోజు నల్ల తెర మీద ‘నో బూటబుల్ డివైస్’ అని చూపించి ఆగిపోతోంది. విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందంటున్నారు. అందులో పిల్లల ఫోటోలున్నాయి, వేరే కాపీ లేదు.
– ఒక గృహిణి

జవాబు: విండోస్ మళ్లీ వేయనివ్వకండి. కాపీ లేని ఫోటోలున్న డిస్క్ మీద కొత్తగా ఏదీ రాయకూడదు. ఎస్‌ఎస్‌డీ అయితే ఈ హెచ్చరిక ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చెరిపేసిన భాగాలను ఎస్‌ఎస్‌డీ తానే తుడిచేసుకుంటుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని వెనక్కి తేలేదు.

ఆ సందేశం తెర మీద కనిపించిందంటే కరెంటు, ప్రాసెసర్, ర్యామ్, తెర అన్నీ బాగున్నాయన్నమాట. ఫర్మ్‌వేర్ మేల్కొంది, విండోస్ ఉన్న డిస్క్ మాత్రం దానికి దొరకలేదు. ముందుగా పెన్ డ్రైవ్, మెమరీ కార్డు ఏమైనా పెట్టి ఉంటే తీసి మళ్లీ ఆన్ చేయండి. అదే సందేశం వస్తే ఆన్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్లే కీని వరసగా నొక్కండి. అది కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, డిలీట్, ఎస్కేప్‌లలో ఏదో ఒకటి అయి ఉంటుంది. అక్కడ నిల్వ పరికరాల జాబితాలో మీ డిస్క్ పేరు ఉందా లేదా అన్నదొక్కటే చూడండి. ఇక్కడి నుంచి దారులు రెండుగా చీలతాయి.

పేరు కనిపిస్తే చాలా వరకు ఊపిరి పీల్చుకోవచ్చు. బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్ మొదట ఉందో లేదో చూడండి. కొత్త యూఈఎఫ్‌ఐ బూట్ పద్ధతి నుంచి పాత లెగసీ పద్ధతికి సెట్టింగ్ మారిపోయినా ఇదే సందేశం వస్తుంది. అక్కడే తేదీ, సమయం కూడా గమనించండి. అవి ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే బయోస్ సెట్టింగులను కాపాడే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయి, సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళ్లాయని అర్థం. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే నిల్వ సెట్టింగ్ మారితే డిస్క్ బాగానే ఉన్నా విండోస్ దాన్ని చేరుకోలేదు. మీరుగా మార్చినది గుర్తుంటే పాత స్థితికి తెచ్చేయండి, గుర్తులేకపోతే ఊరికే తిప్పి చూడకండి.

పేరు కనిపించకపోతే ఎం.2 ఎస్‌ఎస్‌డీని ఒకసారి తీసి మళ్లీ పెట్టించండి. దాన్ని పట్టి ఉంచేది ఒక్క చిన్న స్క్రూ. అది వదులైతే కార్డు కొన ఇంచుక లేచి సంబంధం తెగిపోతుంది. పాత రకం హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే చెవి దగ్గర పెట్టి వినండి. టిక్, టిక్ అని లయగా చప్పుడు వస్తూ మధ్యలో తిరగడం ఆగిపోతూ ఉంటే లోపల చదివే హెడ్ దారి తప్పిందన్నమాట. ఆన్ చేసిన ప్రతిసారీ అది పళ్లెం మీద గీతలు పెట్టే ప్రమాదముంది. ఆ చప్పుడు విన్న తర్వాత మరొక్కసారి కూడా ఆన్ చేయకుండా, దుమ్ము లేని గదిలో డిస్క్ విప్పే ఏర్పాటున్న డేటా రికవరీ కేంద్రానికే ఇవ్వాలి. ఫ్రీజర్‌లో పెట్టడం, తట్టి చూడడం వంటి సలహాలు వినకండి.

చప్పుడు లేకుండా, పేరు కనిపిస్తూ, విండోస్ మాత్రం రాని డిస్క్ నుంచి ఫోటోలు తీయడం అంత కష్టం కాదు. మరో కంప్యూటర్‌లో ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్ డ్రైవ్ మీద తయారు చేసి, ఆ పెన్ డ్రైవ్‌తో ఈ ల్యాప్‌టాప్‌ను బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూసే ఎంపిక తీసుకుంటే బిట్‌లాకర్ తాళం (తర్వాతి జవాబు చూడండి) లేని డిస్క్‌లోని ఫోల్డర్లు కనిపిస్తాయి. బయటి హార్డ్ డిస్క్ పెట్టి కాపీ చేసుకోవచ్చు. ఫాస్ట్ స్టార్టప్‌తో ఆగిన విండోస్ డిస్క్‌ను లినక్స్ చదవడానికి మాత్రమే తెరవవచ్చు, రాయడానికి ఒప్పుకోకపోవచ్చు. మీకు కావలసింది చదవడమే కనుక దానికి కంగారుపడి బలవంతం చేయవద్దు. కాపీ మధ్యలో చాలాసేపు ఆగుతూ తప్పులు చూపిస్తూ ఉంటే డిస్క్ అరిగిపోతోందని గుర్తించి, ఫైలు ఫైలుగా లాగడం ఆపి, డీడీరెస్క్యూ వంటి సాధనంతో మొత్తం డిస్క్‌కు ప్రతిబింబం, అంటే అచ్చు కాపీ, తీసుకోవడం మంచిది. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ తీసుకుని, మొండికేసిన భాగాల దగ్గరికి చివర్లో వస్తుంది. ఫోటోలు రెండు చోట్ల భద్రపడ్డాక విండోస్ మళ్లీ వేయించుకోండి, అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: బయోస్‌లో ఏదో సరిచేస్తానని తెలిసినవారు సెట్టింగులు మార్చారు. అప్పటి నుంచి నీలం తెర వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేను ఎప్పుడూ అలాంటిది పెట్టుకోలేదు. పగలగొట్టే మార్గం ఉందా?
– ఒక చిన్న వ్యాపారి

జవాబు: లేదు. పగలగొట్టగలమని చెప్పేవారికి డబ్బు ఇవ్వకండి. వారు చేసేది డిస్క్ ఫార్మాట్ చేసి ఖాళీ ల్యాప్‌టాప్ చేతికివ్వడమే.

మీరు పెట్టుకోకపోయినా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్ అంటే ఇదే) దానంతట అదే మొదలవుతుంది. తాళం టీపీఎం అనే చిప్‌లో ఉంటుంది. బూట్ అయ్యే పద్ధతిలో మార్పు కనబడితే ఆ చిప్ తాళం ఇవ్వడానికి నిరాకరిస్తుంది. అందుకే నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అయ్యేలా చూసే సెక్యూర్ బూట్ ఆపినా, బయోస్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా ఈ తెర ఎదురవుతుంది. మీ మిత్రుడు ఏం మార్చారో అడిగి ఆ మార్పును వెనక్కి తిప్పించండి. చాలాసార్లు అంతటితోనే కీ అడగకుండా విండోస్ వచ్చేస్తుంది.

రాకపోతే కీ వెతకాలి. అది ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉండే 48 అంకెల సంఖ్య. ఫోన్‌లోనో మరో కంప్యూటర్‌లోనో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, పరికరాల భాగంలో చూడండి. ల్యాప్‌టాప్‌ను మొదట సిద్ధం చేసింది మీ ఇంట్లో మరొకరైతే కీ వారి ఖాతాలో ఉంటుంది. ఈ ఒక్క విషయం తట్టక ఆశ వదులుకున్నవారు ఎందరో. సంస్థ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఆ సంస్థ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ కీలు కనిపిస్తే, నీలం తెర మీద చూపించే కీ ఐడీ దేనితో కలుస్తుందో చూసి అది కొట్టండి.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత ‘ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్’ అని వస్తుంది, మళ్లీ రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ అదే. మధ్యలో ఒకసారి నీలం తెర కూడా మెరిసి పోతుంది. డిస్క్ పాడైనట్టేనా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి

జవాబు: అలా అనుకోనక్కరలేదు. బూట్ అయ్యే దారిలో ఉన్న ఒక్క ఫైలు తప్పుగా ఉన్నా ఇదే చక్రం తిరుగుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఇలాగే నీలం తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో ఉన్న ఆ కంప్యూటర్ల డిస్కులకు ఏమీ కాలేదు. బూట్ అవుతూనే ఆ సంస్థ డ్రైవర్ లోడ్ కావడం, తప్పు ఫైలును చదివి కూలిపోవడం, రీస్టార్ట్ అయ్యాక మళ్లీ అదే జరగడం, ఇంతే కథ. చాలా చోట్ల కనీస డ్రైవర్లతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలును చెరిపేస్తే సరిపోయింది; బిట్‌లాకర్ ఉన్న యంత్రాల్లో మాత్రం ఆ చెరపడానికి కూడా 48 అంకెల కీ కావలసి వచ్చింది.

కాబట్టి నీలం తెర మెరిసినప్పుడు ఫోన్ కెమెరాతో పట్టుకోండి. దాని మీద స్టాప్ కోడ్ ఉంటుంది, కొన్నిసార్లు ‘డాట్ సిస్’తో ముగిసే డ్రైవర్ పేరు కూడా ఉంటుంది. ఆ పేరు తెలిస్తే సగం పని అయినట్టే.

తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరకు చేరండి. అది తనంతట తాను రాకపోతే, విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్ నొక్కి ఆపడం వరసగా రెండు మూడుసార్లు చేస్తే వస్తుంది. అక్కడ నేను పాటించే క్రమం ఇది. అప్‌డేట్ తర్వాత మొదలైన గొడవ కనుక ముందుగా ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’లోకి వెళ్లి చివరి క్వాలిటీ అప్‌డేట్‌ను తీసేయాలి. దానితో కుదరకపోతే స్టార్టప్ రిపేర్‌ను ఒకసారి నడిపించాలి. ఒకసారి కుదరనిది పదోసారి కుదరదు కనుక దాని దగ్గరే కూర్చోవద్దు. తర్వాత సిస్టమ్ రిస్టోర్‌లో పాత తేదీ ఏదైనా ఉందేమో చూడాలి. ఆ తర్వాత స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా రీస్టార్ట్ చేసి 4 నొక్కి సేఫ్ మోడ్‌కు వెళ్లి, ఇటీవల చేర్చిన డ్రైవర్‌నో యాంటీవైరస్‌నో తొలగించాలి.

కమాండ్ ప్రాంప్ట్ దాకా వెళ్లేవారికి రెండు జాగ్రత్తలు. రికవరీ వాతావరణంలో విండోస్ ఉన్న విభాగానికి సీ అన్న అక్షరమే ఉంటుందన్న హామీ లేదు. డీ కావచ్చు, ఇంకొకటి కావచ్చు. ఫోల్డర్లు చూసి నిర్ధారించుకున్నాకే ఏ కమాండైనా ఇవ్వాలి. ఇక ఎక్కడ చూసినా కనిపించే ‘బూట్‌రెక్ ఫిక్స్ ఎంబీఆర్’ సలహా పాత పద్ధతి డిస్కులకు చెందినది. డిస్క్ మొట్టమొదటి 512 బైట్లలో బూట్ కోడ్ ఉండే కాలపు మందు అది. ఇప్పటి యూఈఎఫ్‌ఐ ల్యాప్‌టాప్‌లలో బూట్ ఫైళ్లు ఫ్యాట్ 32 రూపంలో ఉండే చిన్న ఈఎఫ్‌ఐ విభాగంలో ఉంటాయి. వాటిని మళ్లీ సృష్టించడానికి పనికివచ్చేది బీసీడీబూట్ అనే కమాండ్. డిస్క్‌లోని తప్పులు దిద్దే చెక్‌డిస్క్‌ను కూడా ఫైళ్లు కాపీ చేసుకున్న తర్వాతనే వాడండి. చావుకు దగ్గరైన డిస్క్ మీద అది చేసే దిద్దుబాట్లు ఉన్నవాటిని కూడా కలగాపులగం చేయగలవు.

‘రీసెట్ దిస్ పీసీ’ని చివరికి పెట్టుకోండి. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే సొంత ఫైళ్లు ఉంటాయి గాని, మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ వంటివి తమ డేటాను ప్రోగ్రాము ఫోల్డర్‌లోనే దాచుకునే అలవాటుంటే అవి కూడా పోవచ్చు.

ప్రశ్న: కీబోర్డు మీద గ్లాసుడు నీళ్లు ఒలికాయి. వెంటనే ఆపేసి, తలకిందులుగా పెట్టి రెండు రోజులు ఆరబెట్టాను. ఇప్పుడు ఆన్ చేయవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: వెంటనే ఆపడం మంచి పని, ఇప్పుడు ఆన్ చేయకపోవడం అంతకన్నా మంచి పని. నీరు ఆరిపోయినా అందులోని లవణాలు సర్క్యూట్ మీద పొరలా మిగిలిపోతాయి. బ్యాటరీ లోపలే కలిసి ఉండే ల్యాప్‌టాప్‌లో, ఆపి ఉన్నా కొన్ని భాగాలకు కరెంటు అందుతూనే ఉంటుంది. తడి మీద ఆ కరెంటే తుప్పును వేగం చేస్తుంది. కాబట్టి రెండు రోజులు కాదు, రెండు వారాలు ఆరబెట్టినా లోపల చూడకుండా ఆన్ చేయడం సరికాదు.

అడుగు మూత తీయించి మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించండి. కొన్ని మోడళ్లలో నీరు తగిలితే రంగు మారే చిన్న తెల్లటి స్టిక్కర్లు బోర్డు మీద అక్కడక్కడా ఉంటాయి. అవి ఎర్రబడిన చోటును బట్టి నీరు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. కీబోర్డు కేబుల్ వచ్చి కలిసే కనెక్టర్ చుట్టూ పచ్చటి లేదా తెల్లటి పొడి ఉందేమో ప్రత్యేకంగా చూడమనండి. ఉంటే 90 శాతం కంటే ఎక్కువ గాఢత ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్షు పెట్టి కడిగించి, పూర్తిగా ఆరాకే బ్యాటరీ కలపాలి.

మీ పరిశోధన ఫైళ్ల కోసం అంతవరకు ఆగనక్కరలేదు. ఎస్‌ఎస్‌డీ ఊడివచ్చే రకమైతే దాన్ని తీయించి, తడి తగిలిన జాడ లేదని చూసుకుని, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ అనే చిన్న పెట్టెలో పెట్టి మరో కంప్యూటర్‌కు కలపండి. కొనేటప్పుడు ఎన్‌క్లోజర్ మీ ఎస్‌ఎస్‌డీ రకానికి సరిపోతుందో లేదో అడగండి, ఎం.2 ఆకారం ఒకటే అయినా ఎన్‌వీఎంఈ, సాటా అని రెండు రకాలుంటాయి, ఒకదానిది మరొకదానికి పనిచేయకపోవచ్చు. కలపగానే ఆ కంప్యూటర్ బిట్‌లాకర్ కీ అడిగితే, ఇంతకు ముందు జవాబులో చెప్పిన చోట్లే వెతకండి.